మాల వేసుకునే ముందే ఆస్పత్రికి తీసుకెళ్లు

తల్లీ,

ఈ కార్తీకంలో అల్లుడు అయ్యప్ప మాల వేసుకుంటానన్నాడనీ, ఇక తాగుడు పీడ విరగడైనట్టేననీ మొన్న ఫోన్లో ఎంత సంబరంగా చెప్పావో! నీ గొంతులో ఆ హుషారు విని చాలా కాలమైంది. ఆ సంతోషం మీద నీళ్లు చల్లాలని రాయడం లేదు. నేను నీకు పెద్దమ్మను. ఉద్యోగమంతా ప్రభుత్వాసుపత్రిలో నర్సుగానే, అందులోనూ ఎక్కువ కాలం మానసిక వైద్య విభాగంలో చేశాను. తాగుడు మానడానికి చేరిన మగవాళ్లను, వాళ్ల మంచం పక్కన స్టూలు మీద కునికిపాట్లు పడే భార్యలను చూస్తూనే తల నెరిసింది. అందుకని ఫోన్లో తీరిగ్గా చెప్పలేని మాటలు కాగితం మీద పెడుతున్నాను. నిదానంగా చదువుకో. మీ అత్తగారికి చూపించాలనిపిస్తే చూపించు, ఆవిడకూ పనికొస్తాయి.

మాల వేయించే ముందు అతన్ని డాక్టరుకు చూపించు. అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఇదే. పొద్దున లేవగానే చేతులు వణుకుతున్నాయనీ, ఒక గుక్క పడితే గానీ గడ్డం గీసుకోలేకపోతున్నాడనీ నువ్వే చెప్పావు కదా. సరదా, అలవాటు అన్నీ దాటిపోయిన దశ అది. ఒళ్లు మద్యానికి మరిగిపోయింది. అలాంటి మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు. ఎవరో పిలుస్తున్నారని అర్ధరాత్రి తలుపు తీసుకుని పరుగెడతారు. పక్కనున్న భార్యనే ఎవరు నువ్వంటారు. జ్వరం, బీపీ పెరిగిపోతాయి. వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు. దీక్ష మొదలైన మూడో నాడు ఇలా అయితే ఇంట్లోవాళ్లు దేవుడు పూనాడనో, దీక్షలో ఏదో అపచారం జరిగిందనో అనుకుంటారు. గుళ్ల చుట్టూ తిప్పి, చివరికి ఆ నల్లబట్టలతోనే మా వార్డుకు మోసుకొచ్చినవాళ్లున్నారు. ఆలోగా పోయిన సమయం తిరిగి రాదమ్మా.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి వైన్ షాపులూ కల్లు దుకాణాలూ ఒక్కసారిగా మూసేసినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం ఎలా వెళ్లారో నీకు గుర్తుండే ఉంటుంది. పిచ్చెక్కిందని వాళ్లను తీసుకెళ్లారు. నిజానికి అది, ఉన్నపళంగా మందు అందక ఒళ్లు తిరగబడడం.

డాక్టరు చేసేది పెద్ద మాయేం కాదు. ఆ వణుకూ ఫిట్సూ రాకుండా కొన్ని రోజులు మాత్రలిచ్చి, రోజురోజుకీ మోతాదు తగ్గిస్తూ ఆపేస్తారు. థయామిన్ అని బి1 విటమిన్ ఇంజెక్షన్లు చేస్తారు. ఏళ్ల తరబడి తిండి మాని తాగినవాళ్లకు ఆ విటమిన్ ఒంట్లో అడుగంటిపోతుంది. అది లేకపోతే మెదడు దెబ్బతిని నడక తూలుతుంది, చూపు చెదురుతుంది, జ్ఞాపకం పోతుంది. కొందరికి ఆ జ్ఞాపకం మళ్లీ రాదు. నీరసంగా ఉన్నాడని మీ వీధిలో ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్లి గ్లూకోజు బాటిలు ఎక్కించి తెస్తావేమో, అది మాత్రం వద్దు. థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఆ మెదడు జబ్బు ముదిరే ప్రమాదముంది. జిల్లా ఆస్పత్రిలోనో మెడికల్ కాలేజీ ఆస్పత్రిలోనో మానసిక వైద్యుల ఓపీ ఉంటుంది. ఎంత తాగుతాడో, ఎన్నాళ్లుగా తాగుతున్నాడో దాచకుండా చెప్పు. సగానికి సగం తగ్గించి చెప్పే భార్యలను చాలామందిని చూశాను. ఆ లెక్క మీదే మాత్రల మోతాదు ఆధారపడుతుంది. భర్త పరువు కాపాడుతున్నామనుకుని వైద్యాన్ని చెడగొట్టుకోవద్దు.

ఒకవేళ ఇంట్లోనే ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టు, చుట్టూ తగిలేవి తీసెయ్యి, 108కి ఫోన్ చెయ్యి. చేతిలో తాళాలగుత్తి పెట్టడం, నోట్లో చెంచా కుక్కడం, నీళ్లు పోయడం చేయొద్దు. ఇనుముకు ఫిట్స్ ఆగవు. నోట్లో పెట్టినదానికి పళ్లు విరుగుతాయి, పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఇక మాల విషయానికొస్తాను. మాల వేసుకోవద్దని నేనెన్నడూ అనను. పైగా ఆ నలభై ఒక్క రోజుల్లో ఏం జరుగుతుందో నువ్వు శ్రద్ధగా గమనించాలంటాను. దేవుడంటే భయం వల్ల తాగడనుకుంటాం. భయం, భక్తీ ఉంటాయి, కాదనను. వాటితో పాటు ఇంకా ఎన్ని జరుగుతున్నాయో చూడు. తెల్లారకముందే లేచి చన్నీళ్లు పోసుకుంటాడు. నిన్నటి దాకా తాగుబోతు అన్న నోళ్లే ‘స్వామీ’ అని పిలుస్తాయి. చీకటి పడే వేళకు, అంటే సరిగ్గా కాళ్లు వైన్ షాపు వైపు లాగే వేళకు, మళ్లీ స్నానం, పూజ, పదిమందితో భజన. వేళకు భోజనం. తాగే స్నేహితులు వాళ్లంతట వాళ్లే పక్కకు తప్పుకుంటారు. బలవంతం చేసేవాడుండడు. గురుస్వామి రోజూ పలకరిస్తాడు. నువ్వు కూడా ఆ రోజుల్లో అతన్ని తిట్టవు, ఎంతో మర్యాదగా భిక్ష వడ్డిస్తావు. ఇన్ని ఊతాలు ఒకేసారి దొరికితే మనిషి నిలబడతాడు.

శబరిమల నుంచి తిరిగొచ్చి మాల తీసిన నాడు ఆ ఊతాలన్నీ ఒక్కసారే ఊడిపోతాయి. నల్లబట్టలు పెట్టెలోకి పోతాయి, ‘స్వామి’ పిలుపు ఆగిపోతుంది, సాయంత్రం ఆరు గంటలకు చేసేందుకు ఏమీ ఉండదు. అదే రాత్రి తాగి ఇంటికొస్తాడు. అప్పుడు చుట్టాలంతా ఏమంటారో నీకు తెలుసు. ‘నలభై ఒక్క రోజులు మానగలిగినవాడు ఇప్పుడెందుకు మానలేడు? కావాలనే తాగుతున్నాడు’ అంటారు. ఆ మాట నమ్మకు. కొంతకాలం మానగలగడం ఈ జబ్బులో మామూలే. మానినవాడు మానినట్టే ఉండిపోవడానికి ఏం కావాలన్నదే అసలు చిక్కు. అందుకని ముప్పయ్యో రోజు నుంచే ఆలోచించు, అతనితోనే కూర్చుని ఆలోచించు. మాల తీశాక సాయంత్రాలు ఎలా గడుస్తాయి? భజన బృందంతో వారానికి రెండు రోజులైనా కొనసాగుతాడా? పనిలోంచి వచ్చేటప్పుడు షాపు ముందు నుంచి కాకుండా వేరే దారి ఉందా? కూలి డబ్బులు, జీతం చేతికొచ్చే రోజున ఎవరు తోడుంటారు? గురుస్వామితో నువ్వే వెళ్లి మాట్లాడు. దీక్ష అయిపోయాక కూడా ఫోన్ చేస్తుండమని అడుగు. మంచి గురుస్వాములు ఆ మాట కాదనరు. తాగాలన్న యావను తగ్గించే మందులు కూడా ఉన్నాయి, నాల్‌ట్రెక్సోన్, అకాంప్రొసేట్ అని. అతని కాలేయం, కిడ్నీలు పరీక్ష చేసి ఏది సరిపడుతుందో డాక్టరే చెబుతారు. దేవుడి మీద భారం వేసి మాత్ర వేసుకుంటే భక్తికి లోటేమీ రాదు.

నీ విషయం చెప్పనా? నువ్వు ఇన్నాళ్లూ రెండు చేతులా రెండు రకాల పనులు చేస్తున్నావు. ఒక చేత్తో సీసాలు వెతికి సింకులో పారబోస్తున్నావు. ఇంకో చేత్తో అతను తాగి చేసిన గలీజంతా తుడుస్తున్నావు. పొద్దున్నే యజమానికి ఫోన్ చేసి జ్వరమని అబద్ధం చెబుతున్నావు. బెల్టు షాపువాడి అప్పు తీర్చడానికి డ్వాక్రా డబ్బు వాడావు. చెవిదిద్దులు తాకట్టులో ఉన్నాయని మీ అమ్మ చెప్పింది. పారబోసిన క్వార్టరు బదులు ఇంకోటి కొనుక్కోవడం అతనికి ఎంతసేపు? తొంభై తొమ్మిది రూపాయలకే క్వార్టరు దొరికే రోజులివి. అప్పు నువ్వు తీరుస్తావన్న ధీమా ఉన్నంత కాలం, జ్వరమని నువ్వు చెబుతావన్న ధీమా ఉన్నంత కాలం, తాగుడు వల్ల పడే దెబ్బ అతని ఒంటికి తగలదు, నీకే తగులుతుంది. ఇక మీదట యజమానికి అతనే ఫోన్ చేసుకోనీ. షాపువాడు ఇంటికొస్తే ‘ఆయన్నే అడగండి’ అని చెప్పి లోపలికి వచ్చెయ్యి. గుండె రాయి చేసుకోమనడం లేదు. వాంతి చేసుకుని స్పృహ లేకుండా పడి ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టు, ఊపిరి చూస్తూ ఉండు, లేపినా లేవకపోతే, రక్తం కక్కితే 108ని పిలువు. ప్రాణానికి సంబంధించింది చెయ్యి. పరువుకూ అప్పుకూ సంబంధించింది అతనికే వదిలెయ్యి.

బిడ్డ తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నావని విన్నాను. ఇంకెప్పుడూ ఆ పని చేయొద్దు తల్లీ. ఒట్టు తప్పిన రోజున ఆ పిల్ల ఏమనుకుంటుందో ఆలోచించు. తనకేదైనా అవుతుందని రాత్రులు భయపడుతుంది, లేదా తానంటే నాన్నకు ఇష్టం లేదనుకుంటుంది. దాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని ఉన్నమాట చెప్పు. నాన్నకు జబ్బు చేసింది, నీ వల్ల రాలేదు, నువ్వు బాగా చదివితే తగ్గేదీ కాదు, మనం డాక్టరుకు చూపిస్తున్నాం అని. ఎనిమిదేళ్ల పిల్లకు ఆ మాత్రం అర్థమవుతుంది. మనం దాచినా అన్నీ చూస్తూనే ఉంటుంది కదా.

ఇంకో సంగతి. ‘తాగేవారికి తెలియకుండా కాఫీలో కలపండి’ అని గోడల మీద రాతలు ఉంటాయి చూడు, ఆ పొడుల జోలికి పోకు. పసరు మందుల్లో ఏం కలిపారో మనకు తెలిసే దారి లేదు. డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్రను కూడా కొందరు భార్యలు ఎక్కడో సంపాదించి సాంబారులో కలుపుతారు. ఆ మాత్ర ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. గుండె బలహీనంగా ఉన్నవాడైతే చనిపోవచ్చు. మాత్ర ఆపిన తర్వాత కూడా రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. రోగికి అన్నీ వివరించి, అతను సరేనన్నాకే ఇవ్వాల్సిన మందు అది. దొంగతనంగా పెట్టావని ఒక్కసారి తెలిసిందంటే నీ చేతి అన్నం తినడానికి కూడా అనుమానిస్తాడు.

మరి ఎలా మాట్లాడాలి అంటావా? రాత్రిపూట మాట్లాడకు. తాగినవాడితో వాదించి గెలిచినవాళ్లు లేరు. పొద్దున, ఒంట్లో మందు దిగిపోయి, కాఫీ తాగుతున్నప్పుడు మాట్లాడు. ‘మీరెప్పుడూ ఇంతే’ అని మొదలుపెట్టకు. ‘నిన్న రాత్రి మెట్ల మీద పడిపోయారు. పాప చూసి ఏడ్చింది. నాకు చాలా భయమేసింది. గురువారం ఓపీ ఉందట, నేనూ వస్తాను, వెళ్దామా?’ అని, అంతే చెప్పి ఊరుకో. కాదంటే పోట్లాడకు, ఇంకో పొద్దున మళ్లీ అడుగు. పడిపోయిన మర్నాడో, పనిలోంచి తీసేస్తామన్న నాడో మనసు మెత్తబడుతుంది, ఆ ఘడియ పోనివ్వకు. ఎక్కడికి వెళ్లాలో, ఏ బస్సో ముందే కనుక్కుని ఉంచు. తాగకుండా ఇంటికొచ్చిన సాయంత్రం అతనికిష్టమైన కూర చెయ్యి, పక్కన కూర్చో, నవ్వు. తాగొచ్చిన రాత్రి అన్నం మూత పెట్టి, పిల్లను తీసుకుని పక్క గదిలో పడుకో. తిట్టకు, సేవా చేయకు. అమెరికాలో ఇదే పద్ధతిని కుటుంబాలకు నేర్పి చూశారు. వైద్యానికి ససేమిరా అన్నవాళ్ల ఇళ్లవి. 1999లో వచ్చిన ఆ అధ్యయనంలో ఇలా నేర్చుకున్న కుటుంబాల్లో నూటికి 64 మంది తమవాళ్లను చికిత్సకు ఒప్పించగలిగారు. బంధువులంతా చుట్టుముట్టి నిలదీసే పద్ధతి నేర్చుకున్నవాళ్లలో 30 మందే. మీ మామగారు పెద్దమనుషులను కూర్చోబెట్టి పంచాయితీ పెడదామంటున్నారన్నావు కాబట్టి ఇది చెబుతున్నాను. పదిమందిలో తల దించుకున్న మగవాడు ఆ సాయంత్రం నేరుగా షాపుకే వెళ్తాడు.

సిగ్గుపడి దాచుకోవడం మాను. కేంద్ర ప్రభుత్వం ఎయిమ్స్ ద్వారా చేయించి 2019లో బయటపెట్టిన దేశవ్యాప్త సర్వే ప్రకారం మద్యానికి బానిసలైనవాళ్లలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక రకం వైద్యం అందింది. మిగతా 37 మంది ఇళ్లలో ఏం జరుగుతోందో ఊహించుకో. అందరూ తలుపులు వేసుకుని ఏడుస్తున్నారు. మన నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో రోశమ్మ లాంటి ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రిబడికి వెళ్లి, అక్కడ ఒకరి బాధ ఒకరు విని సారా దుకాణం మీదికి కదిలారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అమల్లోకి వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది కూడా. దుకాణాలు మళ్లీ తెరుచుకున్నాయి గానీ, నా మొగుడు తాగి కొడుతున్నాడని బయటికి చెప్పుకోవడానికి సిగ్గుపడక్కర్లేదని వాళ్లు చూపించారు. నువ్వు వాళ్ల జిల్లా ఆడపిల్లవే.

చెన్నైలో శాంతి రంగనాథన్ గారి కథ తెలుసా? భర్త తాగుడు వల్ల 1979లో చనిపోయారు. మరుసటి ఏడే ఆవిడ భర్త పేరిట ఫౌండేషన్ పెట్టి మద్యపాన రోగుల కోసం ఆస్పత్రి నడిపారు. టీటీకే ఆస్పత్రి అంటే అదే. రోగికి వైద్యం చేస్తూనే భార్యనూ పిలిచి ఆవిడకూ విడిగా కౌన్సెలింగ్ ఇవ్వడం అక్కడ చికిత్సలో భాగం. భార్య పడిన క్షోభ తెలిసిన మనిషి పెట్టింది కాబట్టి అలా ఉంటుంది. తాగేవాళ్ల కుటుంబ సభ్యుల కోసమే అల్-అనాన్ అని బృందాలున్నాయి. 1951లో అమెరికాలో మొదలయ్యాయి, మన దేశంలోనూ నడుస్తున్నాయి. అక్కడికి వెళ్తే అతను మానేస్తాడని కాదు, నువ్వు మళ్లీ నిద్రపోగలుగుతావు. ఊరు దాటి వెళ్లలేకపోతే 14446కి ఫోన్ చెయ్యి. మత్తు మాన్పించే చికిత్స కోసం ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరది. దగ్గర్లో ఏ కేంద్రముందో చెబుతారు. నీ మనసు బాగా లేకపోతే టెలి మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఎవరో చెప్పారని ఏ డీ-అడిక్షన్ సెంటరులో పడితే అక్కడ చేర్చేయకు. రాత్రికి రాత్రి వ్యాను పంపి మనిషిని కట్టేసి తీసుకెళ్తామనేవాళ్లున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగిని గొలుసులతో కట్టడం ఏ రూపంలోనూ కుదరదు. లోపలికి వెళ్లి చూడు. డాక్టరు రోజూ వస్తారా, ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందా, నువ్వు వెళ్తే మాట్లాడనిస్తారా అని అడుగు. చూడనివ్వం అన్న చోట చేర్చకు.

మానిన తర్వాత మొదటి నెలలు నీకు ఇంకా కష్టంగా అనిపించొచ్చు. నిద్ర పట్టదు అతనికి. చిన్నదానికే విసుక్కుంటాడు. తాగినప్పుడే నయమనిపిస్తుంది, అలా అనిపించినందుకు నిన్ను నువ్వు తిట్టుకోకు, దాదాపు ప్రతి భార్యా మాతో ఆ మాట అంది. మళ్లీ ఒకసారి తాగాడనుకో, అంతా పోయిందని కూలబడొద్దు. షుగరు రోగికి మళ్లీ షుగరు పెరిగితే డాక్టరు దగ్గరికే వెళ్తాం కదా, ఇక్కడా అంతే. మర్నాడే తీసుకెళ్లు. అయితే ఆ ఒక్క రోజే అనుకుని ఊరుకోవద్దు.

నీ కుట్టుపని డబ్బులు నీ ఖాతాలోనే వేసుకో, ఏటీఎం కార్డు నీ దగ్గరే ఉంచుకో. పిల్ల పుట్టిన సర్టిఫికెట్టు, ఆధార్లు, తాకట్టు రసీదులు ఒక సంచిలో పెట్టి మీ అమ్మకిచ్చి రా. నువ్వు కూడా ఒకసారి రక్తపరీక్ష చేయించుకో. పోయినసారి చూసినప్పుడు కళ్లు పాలిపోయి ఉన్నాయి.

చివరగా ఒక్క మాట, దీన్ని ఇందాక చెప్పినవాటన్నిటికీ పైన పెట్టుకో. తాగుడు జబ్బే. కొట్టడం జబ్బు కాదు. ఓపిక పట్టమన్నానని దెబ్బలు కూడా ఓర్చుకోమన్నట్టు అనుకుంటావేమో, అలా ఎన్నటికీ అనను. 2005 గృహహింస చట్టం, తాగి కొట్టాడా తాగకుండా కొట్టాడా అని చూడదు. ఇల్లు నీ పేర లేకపోయినా అందులో ఉండే హక్కు నీకిస్తుంది. 181కి గానీ 112కి గానీ ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు. చెయ్యి ఎత్తాడంటే ఆ రాత్రే పిల్లను తీసుకుని ఇక్కడికి వచ్చెయ్యి. ఆటోకు డబ్బుల్లేకపోతే ఇంటి ముందు దిగి పిలువు, నేనిస్తాను. ఎందుకొచ్చావని ఈ ఇంట్లో నిన్నెవరూ అడగరు.

నీ పెద్దమ్మ